అమ్మ తిథినాడు మానిన మాత్రలు

కూర్మన్నపాలెం,
పార్థివ నామ సంవత్సరం, మార్గశిర బహుళ పక్షం.

చిరంజీవి తమ్ముడు కామేశ్వరరావుకు అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మన ఇంట ఏ కర్మ తలపెట్టినా ముందు దేశకాలాలు చెప్పుకోవడం ఆచారం. ఎక్కడ కూర్చుని, ఏ ఏట, ఏ పక్షాన, ఏ పని నిమిత్తం నీళ్ళు ముట్టుకుంటున్నామో చెప్పనిదే ఆ పని మొదలైనట్టు కాదు. ఈ ఉత్తరం నాకు అటువంటి కర్మ. కనుక అదే పద్ధతిలో మొదలుపెడుతున్నాను. గోదావరికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున, నాది కాని వసతిగృహంలో, మధ్యాహ్నపు ఎండ పడే కిటికీ పక్కన కూర్చుని, అమ్మ ఆబ్దికాన్ని నా చేతి నుంచి నీ చేతికి అప్పగించడానికి ఈ ఉత్తరం వ్రాస్తున్నాను. సంకల్పం ఇంతే. తక్కినదంతా దానికి కారణం చెప్పడమే.

తరువాత 'మేమిక్కడ క్షేమం' అని వ్రాయాలి. భాస్కరం, కోడలు లలిత క్షేమం. భాస్కరానికి ఉక్కు కర్మాగారంలో ఈ నెల పగటి షిఫ్టు పడింది కనుక సాయంకాలాలు ఇంటి పట్టున ఉంటున్నాడు. నన్ను ఆ మాటలో కలపలేకపోయాను. మరదలు సీతాలక్ష్మి కాలి కట్టు విప్పారా? గోడ పట్టుకునైనా నడుస్తున్నదా? పిన్నికి కంటి చుక్కలు వేస్తున్నారా? ఈ ఉత్తరం పిన్నికి చదివి వినిపించకు. అడిగితే, తను నన్ను పిలిచే పేరుతోనే, సూరిబాబుకు కొంచెం నలతగా ఉందట, తగ్గుతోందట అని చెప్పు. తొంభై ఏళ్ళ మనిషికి అంత అబద్ధం చెప్పవచ్చునని శాస్త్రం ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా నేను ఒప్పుకుంటున్నాను.

మొన్న ఫోనులో నీవన్న మాటకు నేను జవాబు చెప్పలేదు. "అన్నయ్యా, ఇన్ని చదివినవాడివి, ఆ ఆసుపత్రివాళ్ళ చేతిలో ఎలుకవవుతావా? వచ్చెయ్. ఇక్కడ ఉన్నన్నాళ్ళు మా కళ్ళముందు ఉందువుగాని" అన్నావు. నేను ఫోను లలిత చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయాను. కోపం వచ్చి కాదు. నీ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడైనా ఉందో లేదో, వ్రాస్తే గాని తెలియదు.

వేసవిలో నా పెద్దపేగుకు ఆపరేషను జరిగిన సంగతి నీకు తెలుసు. దసరా ముందు తీసిన స్కానులో ఆ వ్యాధి కాలేయంలో కూడా కనబడింది. డాక్టరుగారు యువకుడు, నెమ్మదస్తుడు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు.

"పంతులుగారూ, ఇది పూర్తిగా పోయేది కాదు. కొంతకాలం ఆపగలం. ఇక్కడ ఒక కొత్త మందు పరీక్ష జరుగుతోంది. సూది మందు అందరికీ ఒకటే. దానితోపాటు రోజూ రెండు పూటలా వేసుకునే మాత్ర ఒకటుంది. కొందరి సీసాలో కొత్త మందు, కొందరి సీసాలో మందు లేని ఉత్త మాత్ర. ఎవరిది ఏదో మీకు తెలియదు, నాకూ తెలియదు."

"మరి ఎవరికి తెలుసు?" అన్నాను.

"ఎక్కడో ఒక కంప్యూటరుకు తెలుసు."

"అంటే పరబ్రహ్మకు మారుపేరన్నమాట" అన్నాను. ఆయన నవ్వలేదు.

"మీకు మేలు జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. మీ తర్వాత ఈ జబ్బుతో వచ్చేవాళ్ళకు ఏది వాడాలో తెలుస్తుంది. ఇష్టమైతేనే చేరండి. వద్దంటే మామూలు వైద్యం చేస్తాను" అన్నాడు.

ఆ తర్వాత వచ్చేవాళ్ళ మాట విని ఒప్పుకున్నానని భాస్కరంతో చెప్పాను, లలితతో చెప్పాను, పక్క క్వార్టరువారితో కూడా చెప్పాను. వాళ్ళు నన్ను పెద్దమనసున్నవాడన్నారు. నీతో అబద్ధమాడను, కామేశం. వెనుక వచ్చేవారి కోసం నేను ఒప్పుకోలేదు. 'కొత్త మందు' అన్న రెండు మాటలు చెవిన పడగానే తక్కినదంతా వినడం మానేశాను. బ్రతకాలనిపించి ఒప్పుకున్నాను.

ఆసుపత్రికి భాస్కరం నన్ను బస్సులో తీసుకువెళతాడు. కూడలిలో ఎక్కితే గాజువాక దాటి ఓడరేవు రోడ్డు మీదుగా వెళ్ళాలి. అక్కడ రోడ్డు పక్క చెట్ల ఆకులన్నీ ఇనుపరాయి ధూళితో ఎర్రబడి ఉంటాయి. వాన కురిసిన మరునాడు ఒక్క పూట పచ్చగా కనబడి మళ్ళీ ఎర్రబడతాయి. ఏడేళ్ళుగా ఈ ఊరి గురించి నీకు వ్రాసిన ఉత్తరాల్లో ఆ చెట్లను ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు అవే కనబడుతున్నాయి.

సూది మందు ఎక్కించే గదిలో కుర్చీలు వరుసగా ఉంటాయి. ఏటవాలుగా పడుకోబెట్టి చేతికి సూది గుచ్చుతారు. పైన సీసాలోంచి చుక్క చుక్కగా దిగుతుంది. మొదటిరోజు ఆ చుక్కలు చూస్తూ, కంఠస్థమైనవన్నీ మనసులో నడిపిద్దామనుకున్నాను. నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. ఎవరికి ఏ కష్టం వచ్చినా అందుకు తగిన శ్లోకం ఒకటి తీసి చేతిలో పెట్టినవాణ్ణి. ఆ కుర్చీలో ఒక్కటి నిలబడలేదు. మొదటి పాదం వచ్చేది, రెండోదానికి వాంతి వచ్చేది. ఇంతకాలం ఇతరుల దుఃఖానికి నేను చెప్పిన ఓదార్పంతా వాళ్ళ కడుపులో ఇలాగే తిరగబడిందేమో, మర్యాదకు తల ఊపారేమో అనిపించింది.

ఆ మందుకు ఒక గుణముంది. అది ఒంట్లో ఉన్నన్నాళ్ళు చల్లనిది ఏదీ తగలకూడదు. నర్సమ్మ చెప్పింది, నేను విన్నాను. విని, మరునాడు తెల్లవారి అలవాటు కొద్దీ చెంబు పట్టుకున్నాను. ఇత్తడి చల్లదనం వేళ్ళలోకి ముళ్ళలా దిగింది. ఆచమనం చేసి మొదటి ఉద్ధరిణి నీళ్ళు మింగగానే గొంతును ఎవరో పిడికిటితో బిగించినట్టయింది. ఊపిరి ఆడలేదు. లలిత పరుగెత్తుకొచ్చి గోరువెచ్చని నీళ్ళు పట్టేదాకా గోడకు ఆనుకుని ఉండిపోయాను. ఉపనయనమైన నాటి నుంచి మానని ఆచమనం, తమ్ముడూ. ఆ రోజు మొదటిసారి గుక్కెడు నీళ్ళను చూసి భయపడ్డాను.

ఇప్పుడు అన్నిటికీ వేణ్ణీళ్ళే. అన్నం నోట పెడితే తుప్పు రుచి. లలిత పాపం రోజుకొక చారు కాస్తుంది, మిరియాలది ఒకనాడు, ధనియాలది ఒకనాడు. "మావయ్యగారూ, రెండు ముద్దలు, నా కోసం" అంటుంది. తింటాను. కొంచెంసేపటికి తిన్నది తిన్నట్టు బయటికి వస్తుంది. ఆ పిల్ల కడుగుతుంది. నేను గోడవైపు చూస్తూ ఉంటాను.

ఆ గదిలో నా పక్క కుర్చీ మస్తాన్‌గారిది. పాత నగరంలో దర్జీ. నా వ్యాధే, నాతోపాటే పరీక్షలో చేరాడు. సన్నటి మనిషి, మాట మాత్రం లావు. మొదటి రోజునే నన్ను పలకరించాడు.

"పంతులుగారూ, నా సీసాలో సున్నం బిళ్ళలే. నాకు తెలిసిపోనాది."

"ఎలా తెలిసింది?"

"నా నసీబు నాకు తెల్దా ఏటి? యాభై ఏళ్ళు గుడ్డ కొన్నాను. ఒక్కపాలైనా మంచి తాను నా వంతుకి రాలేదు. అసలు సరుకు మీకే ఇచ్చుంటారు. సూడండి, మీ మొకంలో కళ ఉంది."

"అది కళ కాదు, జ్వరం" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడి నుంచి ఆ ఉత్త మాత్రకు మా ఇద్దరి మధ్య సున్నం బిళ్ళ అనే పేరు స్థిరపడింది.

పాత బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకోవడమే మరణమని పెద్దలు చెప్పే పోలిక ఒకసారి అతనికి చెప్పాను. నాకే నమ్మకం చాలక, ఎదుటివాడికి చెప్పి బలపరచుకుందామని చెప్పాను.

"అది సెప్పినోళ్ళు దర్జీలు కారు పంతులుగారూ" అన్నాడు. "పాతది ఇప్పేసినాక కొత్తది కుట్టి ఉందో నేదో ఎవుడు సూసినాడు? నా కొట్లో ఎప్పుడూ లేటే. పెళ్ళికూతురు ముసుగేసుకుని బల్ల మీద కూకున్న రోజులున్నాయి."

అతను రంజాను నెలలో ఉపవాసం ఉంటానని మొండికేశాడట. వాళ్ళ మౌల్వీగారు కోప్పడ్డాడట. "రోగికి మాఫీ ఉంది. దేవుడు మాఫీ ఇస్తే వద్దనడానికి నువ్వెవుడివి అన్నాడు. నిజమే గదా? ఇచ్చింది పుచ్చుకోవాల. వద్దంటే అది పొగరు" అన్నాడు మస్తాన్‌గారు. నేను మెచ్చుకుని తల ఊపాను. మన ధర్మంలోనూ ఆపదకు మినహాయింపులున్నాయని నాలుగు ఉదాహరణలు కూడా చెప్పాను.

ఇక అమ్మ తిథి సంగతి. సుబ్బారాయుడి షష్ఠి వెళ్ళిన మరునాడు. మరదలి కాలు విరగడంతో ఈ ఏడు నీవు రాలేకపోయావు. అమ్మ పోయాక నీవు నా వెనుక లేకుండా ఆబ్దికం జరగడం ఇదే మొదలు. పొలాలు పంచుకున్నాం, ఇల్లు పంచుకున్నాం, ఆబ్దికం మాత్రం పంచుకోలేదు. నా చేతి మీదుగా ఇద్దరి పేరా జరుగుతూ వచ్చింది.

శ్రాద్ధకర్త ఆనాడు ఔషధం పుచ్చుకోరాదన్న నియమం నీకు తెలుసు. నాన్నగారు తాతగారి తిథినాడు చలిజ్వరంతో పళ్ళు కొట్టుకుంటూ కూడా కషాయం గిన్నె దూరంగా నెట్టిన సంగతి మనిద్దరం గుమ్మం పక్క నిలబడి చూశాం. నేను తెల్లవారుజామున సీసా మూత తీసి, మాత్ర అరచేతిలో వేసుకుని, దానితో వాదం పెట్టుకున్నాను. ఇది మందైతే ఈ రోజు నిషిద్ధం. సున్నం బిళ్ళ అయితే ఔషధమే కాదు గనుక నిషేధం లేదు. ఏదో తెలియనప్పుడు కర్త ఏం చేయాలి? ఒకప్పుడు విద్యార్థులకు ఇటువంటి చిక్కు ఇచ్చి వారం రోజులు తర్కింపజేసేవాణ్ణి. ఆపద్ధర్మం ఉన్నది, రోగికి దోషం లేదు అని ఎంతమందికి చెప్పలేదు! నాకు నేను చెప్పుకోలేకపోయాను. మినహాయింపు పుచ్చుకుంటే, నేను లేవలేని రోగినని అమ్మ ముందు ఒప్పుకున్నట్టవుతుందని తోచింది. ఆ ఒక్క రోజు ఆమె పెద్దకొడుకుగా ఉండాలనిపించింది. మాత్ర తిరిగి సీసాలో వేశాను. సాయంత్రం మాత్ర కూడా ముట్టలేదు.

లలిత వేణ్ణీళ్ళు తోడింది. అవి వదిలి, మడి కోసం పెరటి కుళాయి కింద చన్నీళ్ళు పోసుకున్నాను. నన్ను ఎవరూ శిక్షించనక్కరలేదు, ఆ నీళ్ళే శిక్షించాయి. తడిబట్టతో వణుకుతూ కూర్చున్నాను. భోక్తలు గాజువాక నుంచి వచ్చారు. పిండప్రదానం దగ్గర అమ్మ పేరు, గోత్రం చెప్పి పిండం అందుకున్నాను. వేళ్ళకు స్పర్శ లేదు. అది నా చేతిలో ఉందో లేదో నాకు తెలియలేదు. మంత్రం పూర్తయి చూసేసరికి దర్భల మీద లేదు, నా మోకాలి పక్క నేల మీద పగిలి ఉంది.

పురోహితుడు మంచివాడు. "ఫరవాలేదండి, వేరేది పట్టండి" అన్నాడు. భాస్కరం నా మణికట్టు పట్టుకుని చేయించాడు. నేను ఆ నేలమీది మెతుకులనే చూస్తున్నాను. మన చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ పథ్యపు అన్నం అలాగే ముద్ద చేసి నోటికి అందించేది. ఒక్క మెతుకు కింద పడనిచ్చేది కాదు.

మరునాడు లలిత సీసా చూసి కనిపెట్టింది. నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగింది.

"మావయ్యగారూ, నిన్న మాత్రలు వేసుకోలేదు కదూ?"

"అమ్మ తిథి కదమ్మా."

ఆమె ముఖం పాలిపోయింది. ప్రతిసారి సీసా వెనక్కి తీసుకెళ్ళాలి, మిగిలినవి అక్కడ ఎంచుతారు, ఇష్టం వచ్చినట్టు మానేవారిని పరీక్ష నుంచి తీసేస్తారు. అది మొదటి రోజే చెప్పారు.

"రెండే కదా, తూములో పడేస్తాను. లెక్క సరిపోతుంది. ఎవరికి తెలుస్తుంది? మిమ్మల్ని తీసేస్తే..." అని ఆగి, కొంగుతో ముఖం దాచుకుంది. "ఆ మాత్రే పనిచేస్తోందేమో, ఎవరు చూడొచ్చారు, మావయ్యగారూ?"

భాస్కరం తల ఎత్తలేదు. "మీ ఇష్టం నాన్నగారూ" అన్నాడు. వాడి గొంతులో మాత్రం పారెయ్యమనే ఉంది.

నేను మంచం మీద పడుకుని ఆలోచించాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాఠశాల భాండాగారంలో తాళపత్ర ప్రతులు పోల్చి చూసే పని నాకు అప్పగించారు. పురుగు తిన్న చోట కొందరు లేఖకులు ఖాళీ వదిలేవారు. కొందరు తమకు తోచిన మాట పెట్టి నింపేవారు. నింపినది చూడముచ్చటగా ఉండేది, ఛందస్సు తప్పేది కాదు. దానిని చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు వ్రాసుకుంటూ పోయారు. చివరికి కవి అన్నదేమిటో ఎవరికీ తెలియకుండా పోయింది. పురుగు తిన్న చోటు కనీసం తాను పురుగు తిన్న చోటునని చెబుతుంది. ఆ లేఖకులను నేను ఎంత తిట్టుకున్నానో! ఇప్పుడు నా సీసాలో మిగిలిన రెండు మాత్రలూ అటువంటి ఖాళీయే. వాటిని తూములో పోస్తే నేనూ ఆ లేఖకుణ్ణే.

ఇది గొప్పగా చెప్పుకోవడానికి వ్రాయడం లేదు. ఆసుపత్రికి వెళ్ళిన రోజు బస్సులో నా మనసు వందసార్లు మారింది. ఓడరేవు దగ్గర పారేద్దామనుకున్నాను. అసలు సంగతి, వేళ్ళకు స్పర్శ లేక సంచి ముడి విప్పలేకపోయాను.

సీసా తీసుకునే నర్సమ్మ పేరు సింహాచలం. గోపాలపట్నం నుంచి వస్తుంది. నోరు పెద్దది, చేయి మెత్తన. మాత్రలు పళ్ళెంలో పోసి ఎంచి, మళ్ళీ ఎంచింది.

"ఏటి పంతులుగారూ, రెండు మిగిలిపోనాయి?"

"మా అమ్మ తిథినాడు వేసుకోలేదమ్మా. కర్త ఆనాడు మందు పుచ్చుకోకూడదు."

"ఓలమ్మో! తిథైతే అన్నం మానీసినారా? గాలి పీల్చడం మానీసినారా? మందొక్కటే మానీసినారా?" అంది. తరువాత గొంతు తగ్గించింది. "మరచిపోనానని సెప్పండి బాబూ. మరపుకి ఒకలాగ రాస్తారు, కావాలని మానితే ఇంకోలాగ రాస్తారు."

"కావాలనే మానాను. అలాగే వ్రాయమ్మా."

పక్క కుర్చీలోంచి మస్తాన్‌గారు అందుకున్నాడు. "మాఫీ సంగతి నాను సెప్తంటే ఎంత బాగా తలూపినారు పంతులుగారూ! ఊపడానికేనా ఆ తల?"

 ఎదుటివాడి ధర్మంలో వివేకాన్ని మెచ్చుకుని, నా ధర్మంలో పొగరును ఉంచుకున్నాను.

డాక్టరుగారు అంతా విన్నాడు. తిట్టలేదు. పైవారికి తెలియజేయాలి, కొనసాగించేదీ లేనిదీ వారు చెబుతారు, అంతవరకు మాత్రలు ఇవ్వను అన్నాడు. ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను.

కామేశం, ఆ జవాబు కోసం ఎదురుచూసిన రోజుల్లో నేనెవరో నాకు తెలిసింది. మరణం గురించి మన ఊళ్ళో వేదిక ఎక్కి ఎన్ని ఉపన్యాసాలిచ్చాను! నీవు ముందు వరుసలో కూర్చునేవాడివి. ఆ మనిషి క్వార్టరు గుమ్మంలో కూర్చుని, ఫోను మోగితే ఉలిక్కిపడుతూ, పక్కింటి రేడియో విని కూడా తన పేరే పిలిచారనుకున్నాడు. ఆ మాత్ర మందో సున్నమో తెలియదు. అయినా అది లేని ప్రతి పూటా వ్యాధి ఒక అంగుళం నడుస్తున్నదనిపించేది. దేవుణ్ణి ప్రార్థించాను. ఏమని? మోక్షమిమ్మని కాదు, మాత్ర ఇప్పించమని.

మొత్తానికి కొనసాగించవచ్చునని కబురు వచ్చింది. మళ్ళీ ఇలా జరిగితే తీసేస్తామన్నారు. కొత్త సీసా ఇస్తూ సింహాచలం సంతోషం పట్టలేక, "వచ్చే ఏడు తిథికి ముందుగాల ఒక మాట సెప్పండి బాబూ, డాక్టరుబాబుని నానడుగుతాను" అంది. అని ఆగిపోయింది. వచ్చే ఏడు అన్న మాట మా ఇద్దరి మధ్య బల్ల మీద పడి ఉండిపోయింది. ఆమె తీయలేదు, నేనూ తీయలేదు. ఆమె నా చేతికి సూది వేయడానికి నరం వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఆ రోజు మస్తాన్‌గారి కుర్చీలో ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. అడిగితే సింహాచలం తల వంచుకుని చెప్పింది. స్కానులో వ్యాధి పెరిగిందట. పెరిగితే పరీక్షలోంచి తీసేస్తారు, అది నియమం. అతని సీసాలో ఉన్నది ఏదో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. పరీక్ష అంతా ముగిసేదాకా చెప్పరు.

ఇప్పుడు వ్రాసేది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఆ మాట వినగానే నా మనసులో మొదట మెదిలింది దుఃఖం కాదు. 'అయితే అతనిదే సున్నం, నాదే మందు' అనుకున్నాను. ఒక తోటివాడి వ్యాధి ముదిరిన కబురులో నా బ్రతుకు ఆచూకీ వెతుక్కున్నాను. అతనిది మందే అయివుండి అదే పనిచేయలేదేమో అన్న ఆలోచన ఇంటికి వచ్చాక వచ్చింది. అప్పటి నుంచి ఏది నమ్మాలో, ఏది కోరుకోవాలో తెలియడం లేదు. నా స్కాను వచ్చే నెల.

అతను నాకు ఒక వస్తువు వదిలి వెళ్ళాడు. దళసరి ఉన్ని గుడ్డతో కుట్టిన తొడుగు, నా చెంబుకు సరిగ్గా సరిపోయేలా. ఎప్పుడో మాటల్లో చెంబు చల్లదనం సంగతి చెబితే, చేతులు చాచి "ఇంత లావా? ఇంతా?" అని కొలత అడిగాడు. వేళాకోళమనుకున్నాను. "పంతులుగారికి ఇవ్వండి, ఈపాలి లేటు సెయ్యలేదని సెప్పండి" అని సింహాచలంతో అన్నాడట. కుట్టిన గుడ్డ మడికి పనికిరాదని నీకు తెలుసు, నాకు తెలుసు. రోజూ సంధ్యవేళ ఆ తొడుగుతోనే చెంబు పట్టుకుంటున్నాను. వేళ్ళకు ముళ్ళు దిగడం లేదు.

ఇందుకే ఈ ఉత్తరం. స్పర్శ తెలియని చేయి అమ్మకు అన్నం పెట్టలేదు. ఔషధం మానలేని మనిషి కర్త కాలేడు, మానితే ఔషధం దక్కదు. వచ్చే మార్గశిరం నుంచి అమ్మ ఆబ్దికం నీవు పెట్టు. పెద్దవాడు ఉండగా చిన్నవాడు చేయడానికి పెద్దవాని అనుజ్ఞ కావాలి. ఇదిగో నా అనుజ్ఞ. సంకల్పంలో తడబడకు. నీవు మన ఇంట్లోనే ఉన్నావు గనుక, ఇన్నేళ్ళు నేను ఇక్కడ అనలేకపోయిన 'స్వగృహే' అన్న మాట నోరారా చెప్పు. వడలు అమ్మకు కరకరలాడాలి, మరదలికి గుర్తుచెయ్యి. నాన్నగారి ఇత్తడి పంచపాత్ర నా దగ్గర ఉంది, భాస్కరం తెచ్చి ఇస్తాడు. ఆ రోజుకు నేను ఉంటే వస్తాను. పొద్దున్నే మాత్ర వేసుకుని, ఇన్నేళ్ళు నీవు కూర్చున్న చోట, నీ వెనుక కూర్చుంటాను.

నా కోసం ఏమీ పంపవద్దు. ఆవకాయ అసలే వద్దు, నోరంతా పూసింది. పెరట్లో అల్లం తవ్వి ఉంటే కొంచెం పంపు, వాసనకు వికారం ఆగుతుంది. రమ్మని మళ్ళీ పిలవకు. పిలిస్తే వచ్చేస్తాను, వచ్చేస్తే సగంలో లేచి వచ్చినవాణ్ణవుతాను. ఎలుకనేనా అంటే, అవునేమో. కాని ఎలుకకు ఎందుకో తెలియదు. నాకు కొంచెం తెలుసు. ఆ కొంచెంతో రోజు గడవడం లేదన్నది కూడా నిజం.

పిన్నికి నా పాదాభివందనాలు చెప్పి, ఎందుకో చెప్పకుండా ఆమె చేత నా పేరున నాలుగు అక్షతలు వేయించి కవరులో పంపు. ఊళ్ళో పెద్దలందరికీ నమస్కారాలు. మరదలికి ఆశీస్సులు. నా గురించి దిగులు పడకు అని వ్రాయాలి, వ్రాస్తున్నాను. దిగులు పడతావని తెలుసు.

ఇట్లు,
అమ్మ చేతి ముద్ద నీతో పంచుకుని తిన్న అన్నయ్య,
సూర్యనారాయణ

సంతకం పెట్టాక గుర్తుకు వచ్చింది, ఆశీర్వచనం లేక కర్మ పూర్తి కాదు. తర్పణం చివర తడిబట్ట పిండి, పేరూ గోత్రమూ తెలియని దిక్కులేనివారికి ఆ నీళ్ళు వదులుతాం గదా. మనం వదిలే నీళ్ళన్నీ వెనుకటివారికే పోతాయి. ఇకముందు వచ్చేవారికి వదిలే నీళ్ళు మన శాస్త్రంలో ఎక్కడా కనబడలేదు. బ్రతకాలన్న ఆశతో చేరినవాణ్ణి నేను, ఆ ఆశ ఇప్పుడు సన్నగిల్లింది. మిగిలిన మాత్రలు మాత్రం ఒక్క పూట తప్పకుండా వారి పేరా వేసుకుంటాను. వారి పేర్లు తెలియవు, గోత్రాలు తెలియవు. నా తరువాత ఆ కుర్చీలో కూర్చునేవారు తాము మింగుతున్నది మందేనని తెలిసి మింగుదురుగాక. చన్నీళ్ళు వారి గొంతు సుఖంగా దిగుగాక. వారి తల్లుల తిథులు వారి చేతుల మీదుగానే జరుగుగాక.